ద్విధ్రువానికి ‘క్షణం’ ఎక్కడిది?

సందేహం: డిగ్రీ భౌతికశాస్త్ర పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. బహుధ్రువాలు (మల్టీపోల్‌లు, అంటే ధన, రుణావేశాల అమరికలు) ఒకదానిమీద ఒకటి చూపే స్థిర విద్యుత్ ప్రభావం, దానివల్ల వచ్చే శక్తి గురించిన పాఠం. దాని శీర్షికను కంప్యూటర్ అనువాదంలో పెడితే ‘బహుధ్రువ క్షణాల మధ్య ఎలక్ట్రోస్టాటిక్ పరస్పర శక్తి’ అని వచ్చింది. ఇంగ్లీషులోని ‘మూమెంట్’కు పాత పుస్తకంలో ‘భ్రామకం’ అని ఉంది. “ఇక్కడ ఏదీ తిరగడం లేదు, పైగా భ్రమలా వినిపిస్తోంది, మూమెంట్ అనే రాసెయ్యండి” అంటున్నారు మా సహోద్యోగి. ఏది సరి? చతుర్ధ్రువమా, చతుష్ధ్రువమా? ద్విధ్రువం తర్వాత త్రిధ్రువం ఎందుకు లేదు?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్లు

సమాధానం: ‘బహుధ్రువ క్షణాలు’ చదివి నవ్వుకున్నానమ్మా. యంత్రం పూర్తిగా గాలిలోంచి మాత్రం తీయలేదు. మూమెంట్‌కు మూలమైన లాటిన్ మాట ‘మొమెంటుమ్’. కదలడం అనే ధాతువు నుంచి పుట్టింది. త్రాసును ఒకవైపుకు మొగ్గేలా చేసే చిన్న బరువునూ, కాలంలో చిన్న తునకనూ అదే మాటతో చెప్పేవారు. రెండో అర్థం క్షణమైంది, మొదటి అర్థం శాస్త్రంలోకి వచ్చింది. యంత్రం రెండో గుమ్మంలోకి దూరింది, అంతే. నన్నడిగితే మొదటి అర్థానికి మన ‘మొగ్గు’ చక్కగా సరిపోతుంది. కానీ ‘ద్విధ్రువ మొగ్గు’ అని రాస్తే పిల్లలు పూలమొగ్గ అనుకుంటారేమో!

ఇక భ్రామకం. నడిపేవాడు నాయకుడు, వండేవాడు పాచకుడు. అలాగే తిప్పేది భ్రామకం. తిరిగేది కాదు, తిప్పేది. మీ సహోద్యోగి అభ్యంతరానికి జవాబు ఇక్కడే ఉంది. సమానమైన ధన, రుణావేశాలను కొద్ది దూరంలో ఉంచితే ద్విధ్రువం. ఆవేశాన్ని ఆ దూరంతో గుణిస్తే ద్విధ్రువ భ్రామకం. దాన్ని ఏకరీతి విద్యుత్ క్షేత్రంలో పెట్టండి. రెండు కొనలమీదా సమాన బలాలు ఎదురెదురు దిక్కుల్లో పనిచేస్తాయి కాబట్టి అది ఉన్నచోటునుంచి జరగదు, క్షేత్రం వైపుకు తిరుగుతుంది. ఎంత బలంగా తిరుగుతుందో చెప్పేదే భ్రామకం. మైక్రోవేవ్ ఓవెన్‌లో కూర వేడెక్కడం వెనక ఉన్నది ప్రధానంగా ఇదే. సెకనుకు దాదాపు 245 కోట్ల సార్లు ఊగే క్షేత్రం వెంట నీటి అణువులు తిరగబోయి పక్కవాటితో ఒరుసుకుంటాయి. నీటి అణువుకు 1.85 డిబై (ద్విధ్రువ భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) భ్రామకం ఉండబట్టే ఆ పట్టు దొరికింది.

భ్రమ కూడా ఆ ధాతువుదే, కాదనను. తల తిరగడం తెలుగులోనూ రెండు రకాలుగా ఉంది కదా! అయితే ఈ మాటకు ఇంకో పాత చుట్టరికం ఉంది. మన రసశాస్త్ర గ్రంథాలు కాంతలోహాన్ని, అంటే అయస్కాంతాన్ని, ఐదు రకాలు చేశాయి: భ్రామకం, చుంబకం, కర్షకం, ద్రావకం, రోమకాంతం. ఇనుమును తిప్పే కాంతానికి భ్రామకమని పేరు. అంటే అయస్కాంతపు భ్రామకం గురించి చెప్పేటప్పుడు ఈ మాట పుట్టింటికి వచ్చినట్టే. బెంగాలీవాళ్లూ భ్రామకమే అంటారు. హిందీవాళ్లు ‘ఆఘూర్ణ’ అంటారు, అదీ తిరగడమే. మన ఇంటర్ పిల్లలకు జడత్వ భ్రామకం ఎలాగూ తెలుసు. దీన్ని వదిలి మూమెంట్ అని రాస్తే తప్పని అనను గానీ, తెలిసిన మాటను తీసి తెలియని మాట పెట్టినట్టవుతుంది.

ఒక చిక్కు ఒప్పుకోవాలి. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) అణువులో రెండు ద్విధ్రువాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది చతుర్ధ్రువ భ్రామకం. ఏకరీతి క్షేత్రం దాన్ని తిప్పలేదు, చోటుకు చోటుకూ మారే క్షేత్రం కావాలి. అక్కడ మాట కొంచెం సాగింది. ఇంగ్లీషులోనూ అలాగే సాగింది, ఫర్వాలేదు.

త్రిధ్రువం లేకపోవడం వ్యాకరణం చేసిన పని కాదు. ఒక ఆవేశం పక్కన దానికి విరుద్ధమైనది పెడితే రెండు. ఆ జంట పక్కన తిరగేసిన జంటను పెడితే నాలుగు. ప్రతి మెట్టులోనూ రెట్టింపే: ఏక, ద్వి, చతుర్, అష్ట, షోడశ. మూడుకు చోటు లేదు.

చతుర్ధ్రువమే సరి. చతుర్ శబ్దంలో రేఫ (చివరి ‘ర్’) క, ప ల ముందు ‘ష్’ అవుతుంది: చతుష్కోణం, చతుష్పాదం. గ, ద, ధ, భ, మ ల ముందు రేఫగానే నిలుస్తుంది: చతుర్గుణం, చతుర్దశి, చతుర్భుజం, చతుర్ముఖుడు.

శీర్షికలో ‘పరస్పర శక్తి’ కుదరదు. అందులో చర్య జారిపోయింది. పుస్తకాల్లో ‘అన్యోన్య చర్య’ స్థిరపడింది గానీ నాకు ‘పరస్పర చర్య’ మేలనిపిస్తుంది. వాళ్లు పరస్పరం తిట్టుకున్నారు అంటాం, అన్యోన్యంగా తిట్టుకున్నారు అంటామా? సంస్కృతంలో రెండింటికీ అర్థం ఒకటే అయినా తెలుగులో అన్యోన్యం దంపతుల దగ్గరకు చేరిపోయింది. వికర్షించుకునే ఆవేశాలకు అది నప్పదు. సమాసంలో దీర్ఘం తిరిగొస్తుంది: విద్యాశాఖలా చర్యాశక్తి. ‘మధ్య’ కూడా గొడవకో ఒప్పందానికో దూరానికో పొసుగుతుంది, శక్తికి ఎబ్బెట్టు. కాబట్టి శీర్షిక ‘బహుధ్రువ భ్రామకాల స్థిర విద్యుత్ పరస్పర చర్యాశక్తి’. ఇది ఒక్క ఊపిరిలో పలికేది కాదు, అందుకే పాఠంలో విడదీయండి: “స్థిరంగా నిలిచిన రెండు ద్విధ్రువాల పరస్పర చర్యవల్ల వచ్చే శక్తి వాటి మధ్య దూరపు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. రెండు చతుర్ధ్రువాలైతే ఐదో ఘాతానికి.”

టైపు చేసేవారిని ఒక్కటి గమనించమనండి. చతుర్ధ్రువంలో ఉన్నది ‘ధ’, చతుర్థిలో ఉన్నది ‘థ’. వినాయక చవితి కరపత్రాల్లో ఏటా ‘చతుర్ధి’ కనిపిస్తూనే ఉంటుంది. ఆ అలవాటు అటు తిరిగి మీ పాఠంలో ‘చతుర్థ్రువం’ పడిందంటే, ఆ మాటలో ధ్రువమే ఉండదు.