బ్రైస్ కాన్యన్: సన్‌సెట్ పాయింట్ ఫొటోలు ఎందుకు పాడయ్యాయి?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బ్రైస్ కాన్యన్ పార్కులో మీరు సాయంత్రం సన్‌సెట్ పాయింట్ నుంచి ఫొటోలు తీస్తే ఆకాశం తెల్లగా, రాతి స్తంభాలు మసిబారినట్టు వచ్చాయన్నారు. లోపం లెన్సుది కాదండీ. అక్కడి లోయ తూర్పు ముఖంగా ఉంది. సూర్యుడు పడమటి అంచు వెనక్కి దిగేసరికి రాళ్లన్నీ నీడలో పడతాయి, పైన ఆకాశం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పాయింటు పేరు చూసి చాలామంది ఇలాగే వెళ్తారు.

ఈసారి తెల్లవారకముందే సన్‌రైజ్ పాయింట్ చేరండి. ఎండ పడ్డాక క్వీన్స్ గార్డెన్ దారిలో దిగి, నవాహో లూప్ అనే చుట్టుదారి మీదుగా సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కండి. మొత్తం 4.6 కిలోమీటర్లే. ఫొటోలతో కలిపి నాలుగు గంటలు పెట్టుకోండి. అంచు దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి చివరి ఎక్కుడు ఆయాసపెడుతుంది. తలా రెండు లీటర్ల నీళ్లు ఉండాలి.

కెమెరా సెట్టింగులు ఇవి: రా ఫార్మాట్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు), ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 నుంచి ఎఫ్/11. వైట్ బ్యాలెన్స్‌ను, అంటే రంగుల సర్దుబాటును, ఆటోలో వదలకండి, 5500 కెల్విన్ దగ్గర ఉంచండి. ఇరుకు సందుల్లో ఒక గోడ మీది ఎండ ఎదుటి గోడను నారింజ రంగులో వెలిగిస్తుంది. ఆ అద్భుతమైన రంగును ఆటో చప్పగా చేసేస్తుంది. వెలుగు స్థాయిలను చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో ఎరుపు ఛానల్‌ను విడిగా చూడండి, ముందు కుడి అంచుకు తగిలేది, అంటే వెలుగు మితిమీరేది, అదే. తగిలితే ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). సందుల్లో పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) తీసేయండి, అది ఒకటిన్నర స్టాపుల వెలుగు తినేస్తుంది.

చలికాలమైతే నవాహో లూప్‌లో వాల్ స్ట్రీట్ అనే ఇరుకు సందు వైపు మూసేస్తారు. బయల్దేరేముందు విజిటర్ సెంటర్లో దారి అడగండి.