రైనెబ్రింగెన్ మెట్లు: శ్రీవారి మెట్టు ఎక్కిన అమ్మానాన్నలు ఎక్కగలరా?

మీ ప్రశ్న ఇది: జూలైలో అమ్మానాన్నలతో నార్వేలోని లోఫోటెన్ దీవులకి వెళ్తున్నారు, అక్కడి రైనెబ్రింగెన్ కొండ చిన్న ట్రెక్కే అని అందరూ అంటున్నారు, దాదాపు 2000 మెట్లట, వాళ్ళు తిరుమల నడిచి ఎక్కినవాళ్ళే, తీసుకెళ్ళొచ్చా అని.

ఎక్కగలరు. నేనైతే దిగడం గురించే ఎక్కువ ఆలోచించుకోమంటాను.

నేనూ మా అమ్మానాన్నలతో జూలైలోనే వెళ్ళాను. బయల్దేరే ముందు మా ఇంట్లోనూ ఇదే లెక్క నడిచింది. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, ఇక్కడ 2000కి కాస్త తక్కువ, కాబట్టి ఇది ఇంకా సులువు అని నాన్న తేల్చేశారు. అంకెల వరకు ఆయన మాట నిజమే. కానీ తిరుమలలో ఎక్కడం మన వంతు, దిగడం బస్సు వంతు. దర్శనం అయ్యాక మళ్ళీ మెట్ల మీదుగా కిందికి నడిచే వాళ్ళు తక్కువ. రైనెబ్రింగెన్‌లో ఎక్కిన ప్రతి మెట్టూ తిరిగి దిగాల్సిందే. రోప్‌వే లేదు.

కొండ ఎత్తు 448 మీటర్లు. మన కొండలు చూసిన కళ్ళకి ఇదో ఎత్తా అనిపిస్తుంది. అయితే ఇది సముద్రపు ఒడ్డు నుంచి నేరుగా లేచిన కొండ, ఆ ఎత్తులో వాహనం మీద వెళ్ళగలిగేది దాదాపు ఏమీ ఉండదు. అదంతా ఇంచుమించు ఒక్క కిలోమీటరు దారిలోనే ఎక్కాలి. మొత్తం ఎత్తుని మెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో మెట్టు 20 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. అది సగటు మాత్రమే. ఇవి చెక్కిన మెట్లు కావు, పేర్చిన బండరాళ్ళు. ఒకటి అరచేతి మందం ఉంటే దాని మీదది అడుగు ఎత్తు ఉంటుంది. తిరుమల మెట్ల మీద కాసేపటికి కాళ్ళకి ఒక వరస కుదురుతుంది, మాట్లాడుకుంటూ ఎక్కేస్తాం. ఇక్కడ ప్రతి అడుగూ చూసి వేయాలి.

ఈ మెట్లు కట్టింది నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు. నార్వేలో చాలా కొండదారులు వాళ్ళ చేతి పనే. ఇక్కడ 2016లో మొదలుపెట్టారు, పెద్ద రాళ్ళని హెలికాప్టర్లలో పైకి చేరవేశారు. అంతకుముందు ఉన్నది నిటారు బురద దారి. పైన నడిచేవాళ్ళ కాలి కింద రాయి జారితే కిందివాళ్ళ మీదికి వచ్చేది. కాబట్టి "చాలా ప్రమాదం, వెళ్ళొద్దు" అని పాత రాతలు కనిపిస్తే తేదీ చూడండి, చాలామటుకు ఆ పాత దారి గురించే అయి ఉంటుంది.

మెట్ల సంఖ్య పక్కన పెడితే మిగతా సదుపాయాల్లో తిరుమలతో పోలికే లేదు. పైన కప్పు ఉండదు, తాగే నీళ్ళు ఉండవు, టాయిలెట్ ఉండదు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు. మనిషికి కనీసం ఒక లీటరు నీళ్ళు తీసుకెళ్ళండి. టాయిలెట్ పని కొండ కిందున్న రైనె ఊళ్ళోనే ముగించుకోండి. మా అమ్మకి ఇది ముందే చెప్పబట్టి సరిపోయింది.

కారు రైనె ఊళ్ళో డబ్బు కట్టే పార్కింగ్‌లో పెట్టి నడవాలి. మెట్లు మొదలయ్యే చోట కారు పెట్టే వీలు లేదు, ఇ10 హైవే పక్కన ఆపడం అసలే పనికిరాదు. ఊరి నుంచి రోడ్డు వెంట కొంచెం నడిస్తే రామ్స్‌విక్ సొరంగం వస్తుంది. లోపలికి వెళ్ళొద్దు. బయట సముద్రం వైపున నడిచేవాళ్ళకి పాత రోడ్డు ఉంది, మెట్లు దాని మీద నుంచే మొదలవుతాయి. ఈ కాస్త నడక కాళ్ళు వేడెక్కడానికి పనికొస్తుంది.

ఎంత సేపు పడుతుందని అడుగుతారు కదా. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ వాడుతున్నారు: 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. దాని ప్రకారం మెట్ల దగ్గర నుంచి పైకి గంట లోపే. అది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే. పెద్దవాళ్ళతో అయితే ఆ గంటని రెండు గంటలు చేసుకోండి, దిగడానికీ అంతే పెట్టుకోండి. వెనక నుంచి కుర్రాళ్ళు రెండేసి మెట్లు దాటుకుంటూ పోతుంటే మనవాళ్ళకి అనవసరమైన పౌరుషం వస్తుంది. పక్కకి జరిగి దారి ఇవ్వడమే మంచిది. మాట్లాడితే ఆయాసం రానంత నిదానంగా ఎక్కితే చాలు. మా అమ్మ గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కింది, నామం ఆగితే తనూ ఆగేది. నాకు తెలిసి అంతకన్నా మంచి కొలత లేదు.

ఇక పైన. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ముందు కొండ తప్ప ఏమీ కనపడదు, వీపు వైపు వెస్ట్‌ఫ్యోర్డ్ సముద్రం విప్పారుతూ ఉంటుంది. చివరి మెట్టు దాటేసరికి కొండ అక్కడితో తెగిపోతుంది. అవతలి వైపు ఒక్కసారిగా లోయ. కింద రైనె ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్ళు, రైనె, సాక్రిసోయ్, హామ్నోయ్ దీవుల మీద ఎర్ర ఇళ్ళు, వాటిని కలిపే సన్నటి వంతెనలు, ఎదురుగా ఓల్‌స్టిన్ శిఖరం. ఫోటోల్లో ఎన్నిసార్లు చూసినా, కాళ్ళ ముందు నేల అలా ఆగిపోవడం ఫోటోలో తెలియదు.

జాగ్రత్త అవసరమైనదీ సరిగ్గా అక్కడే. అంచున కంచె లేదు. నిలబడే చోటు వెడల్పు తక్కువ, జనం ఎక్కువ, అందరి కళ్ళూ ఫోన్ మీదే. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు అంచుకి వెళ్ళక్కర్లేదు, కొన్ని అడుగులు ఇవతల కూర్చుని చూసినా దృశ్యం అదే. అక్కడి నుంచి కొండ వెన్ను మీద ఇంకా ముందుకి సన్నటి దారి కనిపిస్తుంది, కొందరు అటు వెళ్తుంటారు. అక్కడ మెట్లు లేవు, రెండు వైపులా వాలు, తడిస్తే జారుతుంది. అమ్మానాన్నలతో అటు వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను. దానికోసం పడే టెన్షన్‌కి తగినంత కొత్తగా అక్కడ కనిపించేదేమీ లేదు.

పైన గాలి గురించి తక్కువ మంది చెబుతారు. కొండ వెన్నుకి తగిలిన గాలి పైకి ఎగబాకి అంచు దగ్గర వేగం పుంజుకుంటుంది. కింద చిరుగాలి అనుకున్నది పైన టోపీ ఎగరగొట్టేంత ఉంటుంది. జూలైలో కూడా అక్కడ పగలు 15 డిగ్రీలు దాటకపోవడం మామూలే. ఎక్కేటప్పుడు చెమట పట్టిన చొక్కాతో ఆ గాలిలో కూర్చుంటే ఐదు నిమిషాల్లో వణుకు వస్తుంది. మార్చుకోవడానికి పొడి బనీను, గాలి ఆపే జాకెట్ బ్యాగులో ఉండాలి.

దిగేటప్పుడు ఊపిరికి కష్టం ఉండదు, కష్టమంతా తొడలకీ మోకాళ్ళకీ. ఒంటి బరువుని ఆపుతూ దిగాలి కాబట్టి తొడ కండరం సాగుతూనే పనిచేస్తుంది, నొప్పి అప్పుడు కాదు, మర్నాడో ఆ మర్నాడో తెలుస్తుంది. అందుకని మర్నాడు ఇంకో ట్రెక్ పెట్టుకోవద్దు. రెండు చేతికర్రలు ఉంటే మోకాలి మీద భారం బాగా తగ్గుతుంది. ఎత్తు మెట్టు వచ్చినప్పుడు పక్కకి తిరిగి దిగమని చెప్పండి. మోకాళ్ళు అరిగాయని డాక్టర్ చెప్పినవాళ్ళయితే నేను పైదాకా తీసుకెళ్ళను. చెప్పులు, నున్నటి అడుగున్న స్పోర్ట్స్ షూలు వద్దు. వాన పడి రాళ్ళు తడిగా ఉంటే ఆ రోజు మానుకోండి.

మబ్బుంటే కూడా మానుకోండి. మేం అనుకున్న రోజు కొండ పైసగం మబ్బులో ఉంది, మర్నాటికి వాయిదా వేశాం. నార్వే వాతావరణ శాఖ వాళ్ళ యర్ అనే యాప్‌లో గంట గంటకీ వాన, గాలి చూపిస్తుంది, అదే చూసుకుని వెళ్ళాం. మీకు అక్కడ రెండు రోజులే ఉంటే మొదటి రోజుకే ఇది పెట్టుకోండి, కుదరకపోతే రెండోది చేతిలో ఉంటుంది. మే చివరి నుంచి జూలై మధ్య దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. ఆ తర్వాత కూడా జూలై అంతా రాత్రుళ్ళు చీకటి పడదు. పగటి రద్దీలో తోసుకుంటూ వెళ్ళే బదులు సాయంత్రం ఏడు దాటాక బయల్దేరినా వెలుతురుకి లోటుండదు. మేం అలాగే చేశాం.

చలికాలంలో వెళ్ళే వేరేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: మెట్లు మంచులో కూరుకుపోతాయి, ఆ వాలులో హిమపాతాల ప్రమాదం ఉంది, అప్పుడు ఈ కొండ జోలికి వెళ్ళకండి.

మా నాన్న సగం దూరం దాటాక మోకాలు పట్టేసిందని ఒక వెడల్పాటి రాయి మీద కూర్చున్నారు. అక్కడికే సముద్రం బాగా కనిపిస్తోంది. కాసేపటికి తమ్ముడితో నెమ్మదిగా దిగిపోయారు, నేనూ అమ్మా పైకి వెళ్ళాం. మీరు కూడా ఇలా విడిపోయే అవకాశం ఉంచుకోండి, అంటే తోడు వెళ్ళడానికి వయసులో ఉన్నవాళ్ళు ఇద్దరైనా ఉండాలి, కారు తాళం దిగేవాళ్ళ దగ్గర ఉండాలి, రెండు ఫోన్లలోనూ ఛార్జింగ్ ఉండాలి. అత్యవసరమైతే 112 పోలీసు, 113 అంబులెన్సు. ఎక్కలేనివాళ్ళు ఏమీ చూడలేదని బాధపడక్కర్లేదు: రైనె ఊళ్ళోకి మలుపు తిరిగే చోట రోడ్డు పక్కనుంచి, హామ్నోయ్ వంతెన మీద నుంచి ఒక్క మెట్టూ ఎక్కకుండానే ఆ కొండలన్నీ కనిపిస్తాయి. నాన్న తీసిన ఫోటోలు నా వాటికంటే బాగా వచ్చాయి.