వాస్కులైటిస్ ఉన్న నాన్నకు ప్రాణాపాయం ఎంత?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మూడు నెలల కిందట మూత్రం ఎర్రగా వస్తుంటే పరీక్షలు చేసి, ఎంపీఓ ఆంకా (సొంత శరీరం మీదే దాడిచేసే యాంటీబాడీ) పాజిటివ్, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) అని తేల్చారు. అప్పుడు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 3.6 ఉంది. రోగనిరోధక శక్తిని అణచే రిటుక్సిమాబ్ మందు ఎక్కించాక 2.1కి దిగింది. ఇప్పుడు రోజూ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 15 మి.గ్రా. వాడుతున్నారు. నాలుగు రోజులుగా ఒళ్లు కాస్త వెచ్చబడి, పొడి దగ్గు వస్తుంటే పారాసిటమాల్ ఇస్తున్నాం. ఈ జబ్బు వస్తే ఐదు నెలలకు మించి బతకరని చదివాం. నిజమేనా?

జవాబు: మీరు చివర్లో అడిగినదానికన్నా మధ్యలో మాటవరసకు రాసిన జ్వరం గురించే ముందు మాట్లాడాలి. నాన్నగారిని ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రిటుక్సిమాబ్ తీసుకుని స్టెరాయిడ్ మీద ఉన్నవారికి జ్వరం 100 డిగ్రీలు దాటకపోయినా లోపల ఇన్ఫెక్షన్ ముదిరి ఉండొచ్చు. స్టెరాయిడే జ్వరాన్ని అణచిపెడుతుంది. మిగిలిన కాస్త వేడినీ మీరిస్తున్న పారాసిటమాల్ కనపడనివ్వదు.

పొడి దగ్గు ఉంది కాబట్టి న్యూమోసిస్టిస్ న్యుమోనియా (రోగనిరోధక శక్తి తగ్గినవారి ఊపిరితిత్తులకు వచ్చే ఫంగస్ ఇన్ఫెక్షన్) కాదని తేల్చుకోవాలి. ఇందులో మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించొచ్చు. కూర్చున్నప్పుడు బాగానే ఉన్న ఆక్సిజన్ కాస్త నడవగానే పడిపోతుంది. అనుమానం ఉంటే ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు. ఈ న్యుమోనియా రాకుండా ఆపడానికే కోట్రైమాక్సజోల్ ఇస్తారు. సాధారణంగా రోజూ 480 మి.గ్రా., లేదంటే వారానికి మూడుసార్లు 960 మి.గ్రా. కిడ్నీ పనితీరును బట్టి మోతాదు మారుతుంది, పొటాషియం పెరుగుతోందేమో చూస్తుండాలి. నాన్నగారి చీటీలో ఈ మాత్ర ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో డాక్టర్‌ను అడగండి. రక్తకణాల పరీక్ష కూడా తప్పనిసరి. రిటుక్సిమాబ్ ఇచ్చిన కొన్ని నెలలకు న్యూట్రోఫిల్ కణాలు (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) ఉన్నట్టుండి పడిపోవడం ఈ మందుతో తెలిసిన సంగతే.

ఇవే లక్షణాలు జబ్బు తిరగబెట్టినప్పుడూ వస్తాయి, చిక్కంతా అక్కడే. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) రెండింటిలోనూ పెరుగుతుంది కనుక దానితో తేలదు. మూత్రంలో ఎర్రకణాలు పెరగడం, క్రియాటినిన్ మళ్లీ ఎక్కడం, హిమోగ్లోబిన్ తగ్గుతూ కళ్లెలో రక్తం పడటం కనిపిస్తే జబ్బు వైపు ఆలోచిస్తాం. ఆంకా విలువ ఒక్కటే పెరిగిందని మందులు పెంచం. ఏదో తేలేవరకు స్టెరాయిడ్‌ను మీరుగా పెంచొద్దు, అసలే ఆపొద్దు. ఇన్నాళ్లు వాడినవారు హఠాత్తుగా మానేస్తే శరీరం సొంతంగా కార్టిసాల్ తయారుచేసుకోలేక బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీరు చదివిన ఐదు నెలల లెక్క. అది 1958 నాటిది. ఈ జబ్బుకు సైక్లోఫాస్ఫమైడ్ (రోగనిరోధక శక్తిని అణచే మరో మందు) వాడకం ఇంకా మొదలుకాని రోజుల్లో, అప్పట్లో వెజెనర్స్ అని పిలిచిన రకం వాస్కులైటిస్ రోగులను చూసి వేసిన సగటు అది. వాళ్లలో 82 శాతం మంది ఏడాదిలోపే చనిపోయారు. 1995-2002 మధ్య యూరప్‌లో చికిత్స మొదలుపెట్టిన 535 మంది ఆంకా వాస్కులైటిస్ రోగుల్లో ఏడాదికి 88 శాతం, ఐదేళ్లకు 78 శాతం మంది బతికి ఉన్నారు. అదే వయసున్న మామూలు జనంతో పోలిస్తే మరణాల రేటు 2.6 రెట్లు. జబ్బు చిన్నదేమీ కాదు, కానీ మీరు భయపడుతున్న స్థాయిలోనూ లేదు.

ఆ లెక్కల్లో అసలు గమనించాల్సింది వేరే ఉంది. మొదటి ఏడాది చనిపోయినవారిలో దాదాపు సగం మంది ఇన్ఫెక్షన్లతో పోయారు. జబ్బు తీవ్రతతో పోయినవారు ఐదోవంతు కన్నా కాస్త తక్కువే. మీ జ్వరం మాట చూసి నేను ఆగిపోయింది ఇందుకే. 704 మందితో జరిగి 2020లో వెలువడిన పెక్సివాస్ పరిశోధనలో స్టెరాయిడ్‌ను త్వరగా తగ్గించినవారిలో మరణాలు, కిడ్నీ పూర్తిగా పాడవడం ఎక్కువ కాలేదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గాయి. కాబట్టి డాక్టర్ మోతాదు తగ్గిస్తుంటే కంగారు పడకండి.

ఒక్కో రోగికి ముప్పు అంచనా వేయడానికి ఫైవ్ ఫ్యాక్టర్ స్కోర్ ఉంది. వయసు 65 దాటడం, క్రియాటినిన్ 1.7 లేదా అంతకు మించడం, గుండె దెబ్బతినడం, పేగులు దెబ్బతినడం, వీటిలో ఒక్కోదానికి ఒక పాయింటు. ఐదోది ముక్కు, చెవి, గొంతుకు సంబంధించినది, మీ నాన్నగారి రకానికి దాన్ని లెక్కించరు. జబ్బు బయటపడినప్పటి స్థితిని బట్టే స్కోరు వేస్తారు. సున్నా అయితే ఐదేళ్లలో మరణాలు 9 శాతం, ఒకటైతే 21, రెండు లేదా అంతకు మించితే 40 దాకా. గుండె, పేగులు బాగుంటే నాన్నగారిది ఒకటి. ఈ అంకెలు కూడా రిటుక్సిమాబ్ విరివిగా వాడకముందు చికిత్స పొందినవారివి.

మొదటి ఏడాది గడిచాక లెక్క మారుతుంది, గుండె జబ్బులు, క్యాన్సర్ ముందుకొస్తాయి. బీపీ 130/80 లోపు ఉంచడం, కొలెస్ట్రాల్ మందు, పొగ మానడం అప్పుడు వాస్కులైటిస్ మందులంత ముఖ్యం. సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇచ్చి ఉంటే, ఏళ్ల తర్వాత మూత్రంలో రక్తం పడినప్పుడు జబ్బే తిరగబెట్టిందనుకోకుండా మూత్రాశయాన్నీ పరీక్షించాలి. క్యాన్సర్ అలా మొదలుకావొచ్చు.

జబ్బు తిరగబెట్టకుండా చాలామందికి ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ 500 మి.గ్రా. ఇస్తారు. మొదటి డోసుకు ముందు హెపటైటిస్-బి పరీక్ష చేశారో లేదో పాత రిపోర్టుల్లో వెతకండి. చేయకపోతే ఇప్పుడైనా చేయించాలి, అణగి ఉన్న వైరస్ ఈ మందుతో విజృంభిస్తుంది. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు తదుపరి డోసుకు కనీసం రెండు వారాల ముందు వేయించండి, సజీవ వైరస్ ఉన్న టీకాలు మాత్రం వద్దు. ప్రతి డోసుకు ముందు రక్తంలో ఐజీజీ (ఇన్ఫెక్షన్ల నుంచి కాపాడే యాంటీబాడీలు) స్థాయి చూడమనండి. అది బాగా తగ్గి ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తుంటే డోసు వాయిదా వేస్తారు లేదా మందు మారుస్తారు.