ఆఖరి అధ్యాయం తీసెయ్యి

తమ్ముడూ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క రాత్రిలో ముగించాను, చదివించే గుణం నీ చేతిలో ఉంది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మార్తా మాక్స్‌లీ హత్య గురించి రాయాలనుకోవడం బాగుంది. కానీ ఆఖరి అధ్యాయంలో హంతకుడు ఫలానా అని తేల్చేశావు. ఆ అధ్యాయం తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

జరిగింది వరసగా చూడు. 1975 అక్టోబర్ 30 రాత్రి, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం గ్రీనిచ్‌లో, బయటివాళ్లు ఊరికే అడుగు పెట్టలేని బెల్ హేవెన్ అనే సంపన్నుల కాలనీలో 15 ఏళ్ల పిల్లను చంపేశారు. మర్నాడు వాళ్ల ఇంటి ఆవరణలోనే చెట్టు కింద శవం దొరికింది. గోల్ఫ్ క్లబ్‌తో, అంటే గోల్ఫ్ ఆడే కర్రతో కొట్టారు, అది విరిగితే ఆ ముక్కతోనే పొడిచారు. ఆ క్లబ్ పొరుగున ఉన్న స్కేకెల్ వాళ్ల ఇంటి సెట్‌లోదని తేలింది. ఆ ఇంటి అబ్బాయి మైకేల్‌కు కూడా అప్పుడు 15 ఏళ్లే. అతన్ని 2002లో జ్యూరీ దోషి అంది. అతని వకీలు సరిగా వాదించలేదని 2013లో ఒక జడ్జి ఆ తీర్పు కొట్టేశాడు. 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు జ్యూరీ తీర్పును మళ్లీ నిలబెట్టింది. 2018లో అదే కోర్టు మళ్లీ రద్దు చేసింది. 2020 అక్టోబర్ 30న, హత్య జరిగి సరిగ్గా 45 ఏళ్లు నిండిన రోజున, ఇక విచారణ జరపబోమని ప్రాసిక్యూటర్లు చెప్పేశారు.

పదకొండేళ్లకు పైగా జైల్లో ఉన్న ఆ మనిషి ఇవాళ చట్టం దృష్టిలో దోషి కాదు. నువ్వు మాత్రం 'హంతకుడు' అని తొమ్మిది చోట్ల రాశావు. నీకు అలా అనిపించవచ్చు. కానీ నీ నమ్మకం మీద ఆ మాట అచ్చులోకి వెళ్లకూడదు. మార్తా తల్లి డార్తీ, 2020లో కేసు ముగిసినప్పుడు కూడా, అతనే చేశాడని నమ్ముతున్నానని చెప్పింది. అది ఆమె మాటగా రాయి, ఎంతైనా రాయి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ హక్కు ఉంది, మనకు లేదు.

ఈ సంగతిలో నేనింత పట్టుగా ఉండడానికి కారణం ఉంది. విలేకరిగా ఉన్న రోజుల్లో, ఒక పెద్దింట్లో జరిగిన హత్య గురించి రాస్తూ, పోలీసులు పట్టుకెళ్లిన వంటమనిషే చేశాడన్నట్టు రాశాను. కొన్ని రోజులకు అతన్ని వదిలేశారు. ఆ తర్వాత ఎవరూ అతన్ని పనిలో పెట్టుకోలేదు. ఒకరోజు నా వార్త కత్తిరించిన ముక్క మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. "ఇది ఎలా చెరపాలి సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

స్కేకెల్ ఇంట్లో కూడా అలాంటి మనిషి ఒకడున్నాడు. పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన ట్యూటర్. ఆ ఇంట్లో అతను గడిపిన మొదటి రాత్రే ఆ హత్య జరిగింది. ఏళ్ల తరబడి అనుమానం అతని మీద ఉంది, కేసు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. నీ ప్రతిలో అతనికి మూడే వాక్యాలు. అంత డబ్బున్న ఇంట్లో అప్పుడే దిగిన జీతగాడి మీద అనుమానం ఎంత తేలిగ్గా పడుతుందో, అది ఎన్నేళ్లు వదలదో రాయి. నన్నడిగితే నీ పుస్తకంలో అన్నిటికంటే బలమైన అధ్యాయం అక్కడే ఉంది.

డబ్బు గురించి కూడా ఒక మాట. కేసును డబ్బు మింగేసిందని పదేపదే అంటున్నావు. అందులో నిజం లేకపోలేదు. ఆ ఇంటిని పోలీసులు వారెంట్ తీసుకుని సోదా చెయ్యలేదు, ఇంటివాళ్ల అనుమతితో చూసి వచ్చారు. అయితే ఆ డబ్బే రెండోవైపు కూడా పనిచేసింది. వాళ్లు కెనెడీల బంధువులు, అంటే అధ్యక్షుడు జాన్ కెనెడీ కుటుంబానికి చుట్టాలు. ఆ ఒక్క ముక్క వినగానే లోకం తీర్పు చెప్పేసింది. పెద్దవాళ్లు కాబట్టి తప్పించుకుంటారని అనేవాళ్లూ, పెద్దవాళ్లు కాబట్టి చేసే ఉంటారని అనేవాళ్లూ, ఇద్దరూ సాక్ష్యం చూసి మాట్లాడటం లేదు. నువ్వు ఏ వాక్యం రాసినా ఇది ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని మార్జిన్‌లో రాసుకో. జవాబు లేని వాక్యం కొట్టెయ్యి. చాలా పేజీలు పోతాయి, పోనీ.

ఇక మొదలు. శవంతో మొదలుపెట్టావు, అందరూ అలాగే మొదలుపెడతారు. మార్తా వాళ్లు కాలిఫోర్నియా నుంచి అక్కడికి వచ్చి నిండా రెండేళ్లు కూడా కాలేదు. కొత్త స్కూల్లో తోటి పిల్లలు ఆమెను 'బెస్ట్ పర్సనాలిటీ'గా ఎన్నుకున్నారు. డైరీ రాసుకునేది. ఆ డైరీ చివరికి కోర్టులో సాక్ష్యమైంది. ఆ పిల్ల బతికున్నప్పుడు ఎలా ఉండేదో తెలియకపోతే, ఎవరు పోయారో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

విరిగిన క్లబ్ పిడి ఇంతవరకూ దొరకలేదు. పుస్తకం ఆ సంగతి దగ్గర ఆపినా నాకు అభ్యంతరం లేదు. ముందు మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. మిగతాది అది చదివాక మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నీ అన్నయ్య