తెల్ల కార్డు లేకపోతే గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో) మానసిక వైద్యం ఉచితంగా చేస్తారా?

చేయాలి. పేదవారికి కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఉచితమని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. ఇల్లూవాకిలీ లేనివారికీ ఇదే వర్తిస్తుంది. కార్డు లేనివాళ్లలోనూ నిరుపేదలు ఉంటారు కాబట్టి ఈ నిబంధన సబబే.

ఉదాహరణకు, మిర్చి యార్డులో పనికి వలస వచ్చిన కూలీకి నెలల తరబడి నిద్ర పట్టక, ఉత్తపుణ్యానికి ఏడుపొస్తోందనుకోండి. సొంతూళ్లోనూ కార్డు లేకపోయినా ఓపీ చీటీ తీసుకుని సైకియాట్రీ విభాగంలో చూపించుకోవచ్చు. ఆసుపత్రికి వెళ్లే ముందు మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే, 24 గంటలూ, ఉచితం.

చాలామంది పొరబడేది ఒకచోట: మానసిక వైద్యమంటే విశాఖ మానసిక ఆసుపత్రికి వెళ్లి చేరాల్సిందేనని. ఎక్కువమందికి ఓపీలో చూసి, మందులు రాసి, ఇంటికే పంపుతారు.