గళ్ళ చొక్కా తీసెయ్యి

అమ్మలూ,

నువ్వు పంపిన బొమ్మలు చూశాను. ఆ పిల్లాడి వంకర నవ్వు ఎంత బాగా కుదిరిందో! కానీ వాడికి గళ్ళ చొక్కా వేశావు, జుట్టు పాయలు పాయలుగా గీశావు, బూట్లకి లేసులు కూడా పెట్టావు. ఒక్క బొమ్మయితే అందమే. వాణ్ణి కార్టూన్ సినిమాలో నడిపిస్తానంటున్నావుగా, లెక్క చూడు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే కదలని బొమ్మలు 24 వరసగా తెరమీద పడతాయి. చేత్తో గీసేవాళ్ళు మామూలుగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలుపుతారు. అలా అయినా సెకనుకి 12, నిమిషానికి 720 బొమ్మలు. ఆ గళ్ళన్నీ 720 సార్లు గీయాలి. ఓపికపట్టి గీసినా ఒక్కో బొమ్మలో ఒక్కోలా పడి, తెరమీద చొక్కా గిజగిజలాడుతుంది.

1928లో వచ్చిన మిక్కీ మౌస్‌ని గుండ్రాలతో కట్టింది కూడా త్వరగా, మళ్ళీ మళ్ళీ గీయడానికి వీలుగానే. నల్లటి ఒంటిమీద నల్లటి చేతులు కలిసిపోతున్నాయని మరుసటి ఏడాది తెల్ల గ్లవ్స్ తొడిగారు. చెవులు గమనించావా? ముఖం ఎటు తిప్పినా అవి గుండ్రంగానే ఉంటాయి. నిజం ఎలుకకి అలా కుదరదు. అయినా ఆ బొమ్మని మొత్తం నలుపుతో నింపినా పసిపిల్లలు గుర్తుపట్టేస్తారు. నీ పిల్లాణ్ణీ అలా నింపి చూడు. వాడు ఏం చేస్తున్నాడో తెలియట్లేదంటే చెయ్యి పొట్టకి అడ్డంగా ఉందన్నమాట. పక్కకి తీసుకురా.

అలాగని కార్టూన్లు చూసి కార్టూన్లు గీయకు. ఈ ఒక్క మాటా గట్టిగా చెబుతున్నాను. బాపు గారి బొమ్మలో జడ ఒక్క ఊపులో వచ్చేస్తుంది. ఆ గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో వేలు పెట్టి వెంబడించు. మనిషిని బాగా చూసిన కన్నుకే ఏది వదిలెయ్యాలో తెలుస్తుంది. నువ్వూ బస్టాండులో కూర్చుని గీయి. బరువు సంచి పట్టుకున్నావిడ భుజం ఎటు దిగింది, తూకం కోసం నడుం ఎటు వంగింది? ముందు ఆ వంపు పట్టుకో, తర్వాత దాన్నే ఇంకాస్త పెంచు. అతి చెయ్యాల్సింది అక్కడే. ముక్కు పెద్దది చేసినంత మాత్రాన కార్టూన్ అయిపోదు.

ఈసారి రంగులేం వద్దు. వాడు ఎదురుగా, పక్కకి, వెనక్కి తిరిగి నిలబడ్డ మూడు బొమ్మలు ఒకే కాగితం మీద, ఒకే ఎత్తులో గీసి పంపు. కళ్ళు, భుజాలు, మోకాళ్ళు మూడింట్లోనూ ఒకే వరసలో ఉన్నాయో లేదో స్కేలుతో అడ్డగీతలు కొట్టి చూసుకో. అవి సరిపోయాక నడక మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న