నొప్పి తగ్గిస్తే జబ్బు దాగదు

ప్రశ్న: నెల క్రితం అర్ధరాత్రి మా తమ్ముడికి (22 ఏళ్లు) కడుపులో కుడివైపు కింద నొప్పి మొదలైంది. ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు "సర్జన్ గారు చూసేదాకా నొప్పికి ఏమీ ఇవ్వకూడదు, ఇస్తే జబ్బు తెలియకుండా పోతుంది" అన్నారు. ఆయన వచ్చేసరికి మూడున్నర గంటలు పట్టింది. అంతసేపూ వాడు మోకాళ్లు ముడుచుకుని మూలుగుతూనే ఉన్నాడు. అపెండిసైటిస్ అని ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బాగున్నాడు. మా పెద్దనాన్న కూడా "మార్ఫిన్ లాంటివి అడక్కు, అలవాటైపోతాయి" అన్నారు. నేను గట్టిగా అడగాల్సిందా?
– ఒక అక్క, విజయనగరం జిల్లా

జవాబు: అడగాల్సిందేనమ్మా. కానీ ఆ రాత్రి అడగలేకపోయానని బాధపడకండి. ఆ డాక్టరు కల్పించి చెప్పలేదు. మాకందరికీ చదువుకునే రోజుల్లో నూరిపోసిన మాటే అది.

2004లో నేను హౌస్ సర్జన్‌ని. ఒక రాత్రి క్యాజువాలిటీకి ఒక ఆటో డ్రైవరును తెచ్చారు. పిత్తాశయంలో రాళ్లు. తువ్వాలు నోట్లో కుక్కుకుని కొరుకుతున్నాడు. స్ట్రెచర్ కమ్మీని పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. భార్య నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఏదో ఒక సూది వెయ్యండమ్మా" అని మూడుసార్లు బతిమాలింది. మూడుసార్లూ "సర్జన్ గారు రావాలి" అన్నాను.

సర్జన్ గారు వచ్చి కడుపు మీద చెయ్యి వేయబోతే అతను వేయనివ్వలేదు. కడుపంతా చెక్కలా బిగబట్టాడు. ఆయనే ముందు ఇంజెక్షన్ ఇప్పించి, ఇరవై నిమిషాలాగి మళ్లీ చూశారు. కడుపు మెత్తబడింది. కుడివైపు పక్కటెముకల కింద వేళ్లు ఆనించి గాలి పీల్చమన్నారు. సగం పీల్చగానే అతనికి ఊపిరి బిగుసుకుపోయింది. పిత్తాశయం వాచిందనడానికి మేం చూసే గుర్తు అదే. "బాధ తగ్గింది గానీ గుర్తు ఎక్కడికీ పోలేదు, చూశావా?" అన్నారు నాతో. ఆ మనిషి అన్ని గంటలు అలా పడి ఉండటానికి కారణం నేను. ఆ తువ్వాలు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

ఈ నిషేధం వందేళ్ల నాటిది. జకరీ కోప్ అనే బ్రిటిష్ సర్జన్ 1921లో కడుపునొప్పి మీద రాసిన పుస్తకంలో, రోగం ఏమిటో తేలేదాకా మార్ఫిన్ ఇవ్వొద్దని హెచ్చరించారు. అప్పటికి అది సబబే. అల్ట్రాసౌండ్ లేదు, సీటీ స్కాన్ లేదు, డాక్టరుకు ఉన్నదల్లా తన చేతి వేళ్లే. తర్వాతి కాలంలో కొంతమందికి నొప్పి మందు ఇచ్చి, కొంతమందికి ఇవ్వకుండా పోల్చి చూసిన పరిశోధనలు చాలా జరిగాయి. వాటిని కలిపి పరిశీలించిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కూడా మందు ఇచ్చినవాళ్లలో రోగ నిర్ధారణ తప్పులు పెరగలేదనే తేల్చింది. కోప్ పుస్తకాన్నే తర్వాత తిరగరాసినవాళ్లు ఆ సలహాను మార్చేశారు. మన వార్డుల్లో మాత్రం పాత మాటే ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అందుతూ వస్తోంది.

ఇక మీ పెద్దనాన్న గారి భయం. మార్ఫిన్‌కి అలవాటు పడటమనేది అబద్ధం కాదు. అయితే ఆపరేషన్‌కి ముందు డాక్టరు కళ్లెదుట ఒకటి రెండు మోతాదులు ఇవ్వడం వేరు, ఇంటి దగ్గర నెలల తరబడి బిళ్లలు మింగడం వేరు. నేను నిజంగా భయపడేది అలవాటుకి కాదు, ఊపిరి మందగించడానికి. అందుకే మొత్తం ఒకేసారి ఎక్కించం. 50 కిలోల మనిషికి మొత్తం 5 మిల్లీగ్రాముల చొప్పున లెక్కేసుకుని, అందులో 2 ముందు నరంలోకి ఇచ్చి, ఐదు పది నిమిషాలాగి, శ్వాస లెక్కపెట్టి, అప్పుడు మరికొంత. దానికి విరుగుడు నలాక్సోన్ కూడా పక్కనే ఉండాలి. కొందరికి మార్ఫిన్ దాకా అవసరమే రాదు. 15 నిమిషాల్లో ఎక్కే పారాసిటమాల్ సెలైన్‌తోనే వాళ్ల బాధ దిగుతుంది. మీ తమ్ముడికి కనీసం అదైనా పెట్టి ఉండాల్సింది.

కొన్ని ఆస్పత్రుల్లో మార్ఫిన్ అసలు ఉండదు, అది కూడా చెప్పాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దాన్ని తెచ్చి నిల్వ ఉంచడానికి ఒకప్పుడు ఎన్నో అనుమతులు కావాల్సి వచ్చేది. 2014లో చట్టాన్ని సవరించి దాన్ని సులభం చేశారు. అయినా తాళం వేసిన బీరువా, రిజిస్టరు, ప్రతి ఆంప్యూల్‌కీ (మందు ఉండే చిన్న గాజు సీసా) లెక్క అంటే టెన్షన్ పడి తెప్పించని చోట్లు ఇంకా ఉన్నాయి. పేషెంటు మూలుగు వినబడుతున్నా లెక్కల భయమే గెలవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈసారి అలాంటి అవసరం వస్తే, "సర్జన్ గారు వచ్చేలోపు నొప్పికి ఏదైనా ఇవ్వగలరా? మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారు?" అని మర్యాదగానే, కానీ స్పష్టంగా అడగండి. రెండో ప్రశ్న మర్చిపోవద్దు. ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లిపోవడం తేలిక. అరగంటకు తిరిగొచ్చి "ఇప్పుడెలా ఉంది?" అని అడగడమే మా వార్డుల్లో ఎక్కువగా జరగనిది. ఇంట్లో ఏ మాత్ర, ఎన్నింటికి వేశారో కూడా ముందే చెప్పండి.

నొప్పిని మీ మాటల్లోనే చెప్పండి. మెలిపెడుతోందా, సలుపుతోందా, పోట్లు పొడుస్తోందా, మంటగా ఉందా – ఒక్కో మాట మాకు ఒక్కో దారి చూపిస్తుంది. సున్నా నుంచి పదిలో ఎంత అంటే పెద్దవాళ్లు తికమకపడతారు. "రూపాయిలో ఎంత తగ్గింది?" అని అడిగితే మాత్రం "పావలా తగ్గిందమ్మా" అని వెంటనే చెప్తారు. పావలాయే తగ్గిందంటే నేను ఇంకా ఏదో చెయ్యాలన్నమాట.

ప్రశ్న: మాది ఉద్దానం. అమ్మకు 68 ఏళ్లు, కిడ్నీ జబ్బు ఉంది. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది. "కిడ్నీ పేషెంటు కదా, నొప్పి మందులు కుదరవు" అన్నారు. ఇంకే దారీ లేదా?
– ఒక కొడుకు, సోంపేట

జవాబు: ఉంది బాబూ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అమ్మగారికి వద్దన్నది సరైన మాటే. అవి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మెడికల్ షాపులో "ఒళ్లు నొప్పులకి" అని ఇచ్చే మాత్రల్లోనూ ఇవే ఉంటాయి కాబట్టి ఇంటి దగ్గర కూడా జాగ్రత్త. కానీ పారాసిటమాల్ ఇవ్వొచ్చు. మార్ఫిన్ అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ల ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు, పేరుకుపోతుంది. అందుకని చాలాసార్లు మార్ఫిన్ జాతిదే అయిన ఫెంటానిల్‌ని కొద్ది కొద్దిగా ఇస్తాం.

వీటికన్నా మేలైనది ఇంకొకటి ఉంది. గజ్జల దగ్గర నొప్పిని మోసే నరం చుట్టూ మత్తు ఇంజెక్షన్ వేస్తే అరగంటలోపు తుంటి నొప్పి బాగా తగ్గుతుంది. దీన్ని నర్వ్ బ్లాక్ అంటాం. అందులో వాడే మందు తగిన మోతాదులో ఇస్తే కిడ్నీ మీద భారం పడదు, మనిషి మత్తులోకి జారుకోదు, మీతో మాట్లాడుతూనే ఉంటుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తే ఇంకా భద్రం. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. మత్తు డాక్టరు గానీ, ఎమర్జెన్సీలో దీన్ని నేర్చుకున్న డాక్టరు గానీ వేస్తారు.

తుంటి విరిగినవాళ్లు ఎక్కువగా కేక పెట్టేది స్ట్రెచర్ మీంచి ఎక్స్‌రే బల్ల మీదికి ఎత్తేటప్పుడే. అందుకే బ్లాక్ వేసే వీలుందేమో ఎక్స్‌రేకి పంపకముందే అడగండి. ఈలోగా అమ్మగారి కాలిని నిటారుగా లాగనివ్వకండి. మోకాలి కింద దిండు పెట్టి, ఆమెకు ఎలా ఉంటే హాయిగా ఉందో అలాగే ఉండనివ్వండి.